రావులపాలెంలో కబురు: రేవు నుంచి వాట్సాప్ దాకా

రావులపాలెం రెండు నదీపాయల మధ్య ఉన్న ఊరు. ఒకవైపు గౌతమి దాటితే జొన్నాడ, మరోవైపు వసిష్ఠ దాటితే పశ్చిమగోదావరి జిల్లా సిద్ధాంతం. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరి సముద్రం చేరేలోగా చుట్టుకున్న నేలే కోనసీమ. దానికి రావులపాలెం ముఖద్వారం అని అందరూ అంటారు. చరిత్ర పుస్తకాల్లో చెప్పుకునే కోట గానీ, పెద్ద యుద్ధం గానీ ఈ ఊరి పేరుతో లేవు. దీని చరిత్ర అంతా రాకపోకల చరిత్ర. నది దాటినవి మూడు: మనిషి, సరుకు, కబురు. మొదటి రెండింటి గురించి ఎంతోకొంత రాసినవాళ్ళున్నారు. కబురు ఎలా దాటిందో, దాన్ని వినడానికి జనం ఎక్కడ పోగయ్యారో రాసింది తక్కువ.

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు నీళ్ళతోపాటు దారులు కూడా ఇచ్చింది. కాలువలు పొలాలు తడపడానికే కాక పడవలు నడపడానికీ పనికొచ్చాయి. ధాన్యం, కొబ్బరి, బెల్లం, పెళ్ళివారు, టపా సంచులు అన్నీ నీటి మీదే కదిలేవి. నది దాటాలంటే రేవుకు వచ్చి నావ కోసం కాచుకోవాలి. ఆ కాచుకునే సమయంలోనే ఊళ్ళ సంగతులు చేతులు మారేవి. రాజమండ్రిలో బియ్యం ధర, పక్క ఊరి తగువు, నది నడుమ లంకలో కొట్టుకుపోయిన పాదులు, ఏ ఇంట ఎవరికి సంబంధం కుదిరింది అన్నవన్నీ రేవు గట్టు మీద తెలిసేవి. నావ ఆలస్యమైనకొద్దీ కబుర్లు పెరిగేవి. నదికి వరద వస్తే రేవు మూతపడేది, కబురు కూడా ఆగిపోయేది.

ఊళ్ళోకి వచ్చాక కబురుకు వేరే దారి. సర్కారు మాటైతే దండోరా. పన్ను గడువు, కాలువ కట్టేసే రోజు, కలరా సూదులు, వేలంపాట అన్నీ డప్పు కొట్టి చాటించేవారు. చావు కబురైతే మనిషి నడిచి వెళ్ళి చెప్పాలి. ఈ రెండు పనులూ వంశపారంపర్యంగా దళిత కుటుంబాల మీద పెట్టినవి, కూలి ఇన్ని గింజలుగా ముట్టేది. కబురు మోసినవాడు వీధి మొగలో నిలబడి అరిచి చెప్పాల్సిందే తప్ప అరుగెక్కి కూర్చుని చర్చలో పాలుపంచుకునే వీలు లేదు. పాత రచ్చబండను ఇప్పుడు చాలామంది ముచ్చటగా తలుచుకుంటారు గానీ, అది అందరి బండ ఎన్నడూ కాదు. ఆడవాళ్ళకు కాలువ రేవు, నూతిగట్టు వేరే సభాస్థలాలు. అక్కడ తెలిసిన సంగతులు అరుగు మీదివాళ్ళకు ఒక పూట ఆలస్యంగా అందేవి.

టెలిగ్రాం వచ్చాక తంతి అనగానే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది, విప్పి చదివేలోపే. 2013 జులైలో ఆ సేవ దేశమంతటా ముగిసింది. అప్పటికి దాన్ని పట్టించుకునేవారే కరువయ్యారు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక పంచాయతీ రేడియో దగ్గర రైతుల కార్యక్రమం వినడం అలవాటైంది. రేడియో మాట్లాడేదే తప్ప తిరిగి మాట చెప్పించుకునేది కాదు, కాబట్టి అది అరుగును చెరపలేదు, అరుగుకు కొత్త విషయాలు అందించింది. 1974లో ‘ఈనాడు’ మొదలై, 1989లో జిల్లాకో అనుబంధం వెయ్యడంతో ఊరి వార్త మొదటిసారి అచ్చులో కనిపించింది. రావులపాలెం లాంటి చోట విలేకరి ఉండడం, బస్సులో పడిన కట్టలను తెల్లవారకముందే విప్పడం అప్పటి నుంచి దినచర్య అయ్యాయి.

ఊరి తీరును మార్చింది మాత్రం వంతెనలు. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య 1900లో రైళ్ళకు తెరిచిన హేవలాక్ వంతెన మీద లారీ పోలేదు. అక్కడ రోడ్డు-రైలు వంతెన 1974కు గానీ రాలేదు. మద్రాసు, కలకత్తాల మధ్య నడిచే జాతీయ రహదారి గౌతమిని జొన్నాడ దగ్గర, వసిష్ఠను సిద్ధాంతం దగ్గర దాటి రావులపాలెం మీదుగా సాగింది. 5వ నంబరు రహదారిగా జనం నోట నానిన ఈ రోడ్డుకే 2010లో 16 అని నంబరు మార్చారు. రేవులో నావ కోసం నిలబడిన జనం బస్సు కోసం నిలబడడం మొదలుపెట్టారు. అమలాపురం, రాజోలు వైపు వెళ్ళేవారిలో చాలామంది ఇక్కడ దిగి మారేవారు. కోనసీమలోకి రైలు లేదు. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి పేరుతో వంతెన 2002లో తెరుచుకునేదాకా, కాకినాడ వైపు నుంచి వచ్చేవారు పంటు పడవ ఎక్కని పక్షంలో ఇటే చుట్టి రావాలి. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రెవెన్యూ మంత్రిగా చేసిన కళా వెంకట్రావు పేరు పెట్టుకున్న సెంటరు ఊరికి కొత్త రచ్చబండ అయింది. టీ దుకాణం, పేపరు, బస్సు ఆలస్యం, ఈ మూడూ కలిస్తే చర్చకు ఇంకేం కావాలి!

అంతకంటే పెద్ద సభ రోజూ ఉదయం అరటి మార్కెట్‌లో జరుగుతుంది. గౌతమి, వసిష్ఠల లంక నేలల్లో, ఊబలంక, కొమరాజులంక, వెదిరేశ్వరం, పొడగట్లపల్లి లాంటి ఊళ్ళలో, చుట్టుపక్కల మండలాల్లో పండిన గెలలు ఇక్కడికి చేరతాయి. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకు బొంత. సైకిలుకు రెండు వైపులా, వెనకా గెలలు కట్టి, ఎక్కి తొక్కే వీలు లేక నడిపించుకుంటూ వచ్చే రైతుల వరుస రావులపాలేన్ని చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. ఆటోలూ ట్రాలీలూ వచ్చాక ఆ వరుస పలచబడింది. ఇక్కడి నుంచి లారీలు తమిళనాడు, ఒడిశా, బెంగాల్, బిహార్ దాకా పోతాయి.

అరటి వ్యాపారానికి కబురే ప్రాణం. కొబ్బరికాయను రేటు వచ్చేదాకా రాశి పోసి ఉంచవచ్చు. కోసిన గెల ఆగదు, రెండు మూడు రోజుల్లో రంగు మారుతుంది. గెలను కిలోల లెక్కన తూచరు. గెల ఒక్కంటికి ఇంత అని కళ్ళతో కట్టే బేరం. అత్తాలు ఎన్ని, కాయ నిండిందా, మచ్చ ఉందా, లారీకి రెండు రోజులు తట్టుకుంటుందా అని చూసి చెప్పే ధర అది. అవతల రాష్ట్రంలో పండగ ఉందంటే రేటు లేస్తుంది. శ్రావణం, కార్తీకం, పెళ్ళి ముహూర్తాలు, ఉత్తరాదిన ఛట్ పూజ, ఇవన్నీ ఇక్కడి బేరంలో ఉంటాయి. లారీల సమ్మె అన్నా, ఒడిశాలో తుపాను అన్నా మధ్యాహ్నానికి ధర పడిపోతుంది. ఆ సంగతి ఎవరికి ముందు తెలిస్తే లాభం వారిది. చాలాకాలం ముందు తెలిసింది వ్యాపారికే. రైతు తోటలో గెల కోసేటప్పటికి అతనికి తెలిసింది నిన్నటి ధర. బేరమాడే కమీషన్‌దారుకు రాత్రే అవతలి పట్నం నుంచి ఫోను వచ్చి ఉండేది. ఫోను ఊళ్ళోకి మొదట ఎందుకు వచ్చింది, ఎవరి ఇంటికి వచ్చింది అని అడిగితే జవాబు ఇక్కడే ఉంది.

ట్రంకు కాల్ రోజుల్లో పొద్దున బుక్ చేస్తే సాయంత్రానికి కలిస్తే అదృష్టం. త్వరగా కావాలంటే అర్జెంటు, ఇంకా త్వరగా కావాలంటే లైట్నింగ్ కాల్ అని ఎక్కువ డబ్బు కట్టాలి. కలిసిన కాల్‌లో మాట వినిపించాలంటే గట్టిగా అరవాలి, కాబట్టి ఒకరి ఫోను సంగతి వీధి వీధికీ తెలిసేది. ఫోను కనెక్షన్‌కు ఏళ్ళ తరబడి వరుస. అందుకే శుభలేఖల మీద, రసీదు పుస్తకాల మీద నంబరు పక్కన ‘పి.పి.’ అని అచ్చేసేవారు. అంటే ఫోను పక్కింటివాళ్ళది, మనిషిని పిలిపించి మాట్లాడిస్తారు. పక్కింటి పిల్లవాడు పరుగెత్తుకొచ్చి “మీకు ఫోనొచ్చిందండీ, మళ్ళీ చేస్తారంట” అని కబురెట్టడం, చేతి పని వదిలి వెళ్ళి వాళ్ళ హాల్లో మొహమాటంగా నిలబడడం ఒక తరానికి బాగా తెలుసు. ఫోనున్న ఇంటి మర్యాద పెరిగింది, ఆ ఇంటివాళ్ళకు అందరి గుట్టూ తెలిసింది.

1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ తయారుచేసిన చిన్న గ్రామీణ ఎక్స్‌ఛేంజీలు, వాటి వెనకే పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూతులు 1990ల నాటికి పరిస్థితిని మార్చేశాయి. టెలిఫోన్ శాఖ లెక్కలో రావులపాలేనికీ, గౌతమి అవతలి మండపేటకూ కలిపి ఒకటే కోడు, 08855. నది విడదీసిన రెండు గట్లు ఫోనులో ఒక ప్రాంతమయ్యాయి. అద్దాల గది, ఎర్ర అంకెల మీటరు, మాట అయిపోగానే గరగరా బయటికొచ్చే చిన్న బిల్లు, ఇవి కొత్త. రాత్రి పొద్దుపోయాక రేటు సగం, ఇంకా పొద్దుపోతే పావు కావడంతో బూతు ముందు బెంచీ మీద రాత్రిళ్ళు జనం పోగయ్యేవారు. అద్దాల గదిలో చెప్పిన మాట బెంచీ మీదికి వినిపించదనే నమ్మకం పెద్దగా ఎవరికీ ఉండేది కాదు.

ఆ బెంచీ మీద ఎక్కువసేపు కూర్చున్నది గల్ఫ్ కుటుంబాలవాళ్ళు. కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్ళినవారిలో ఆడవాళ్ళే ఎక్కువ. తల్లి అక్కడ, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఇక్కడ. వాళ్ళ ఫోను ఎప్పుడు వస్తుందో యజమానురాలి దయ మీద ఉండేది. నెలకోసారి వచ్చే ఆ కాల్‌లో డబ్బు పంపిన సంగతి చెప్పాలి, పిల్లవాడి చదువు అడగాలి, జ్వరం తగ్గిందా అని అడగాలి, ఏడవకూడదు. తర్వాతి కాలంలో వీడియో కాల్ ఈ కుటుంబాలకు చేసిన మేలు ఇంకెవరికీ చెయ్యలేదనే చెప్పాలి. వాట్సాప్ కాల్‌ను అడ్డుకునే ఎమిరేట్స్ లాంటి దేశాల నుంచి ఐమో, బోటిమ్ లాంటివి వాడతారు. కంప్యూటరు ముందు కూర్చునే పట్నవాసులకు తెలియని ఆ యాప్‌ల పేర్లు ఇక్కడి ముసలమ్మలకు కంఠతా వచ్చు.

1996 నవంబరు 6న కోనసీమను తుపాను తాకినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోట్ల రూపాయల నష్టం మిగుల్చుతూ కొబ్బరి చెట్లు నేల కూలాయి. వాటితోపాటే కరెంటు స్తంభాలు, ఫోను తీగలు. అప్పటికి అలవాటైన ఫోను అకస్మాత్తుగా మూగబోవడంతో వార్త మళ్ళీ మనిషి కాళ్ళ మీద, రోడ్డుకు అడ్డం పడిన చెట్ల మీదుగా దాటుకుంటూ బయటికి రావాల్సి వచ్చింది. సాంకేతికత మీద ఆనుకున్న ఊరికి అది మొదటి పాఠం. రెండోది ఇరవై ఆరేళ్ళకు వచ్చింది, దాని కారణం వేరు.

సెల్‌ఫోన్ దేశంలోకి 1995లో వచ్చింది. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాల్సిన ఆ రోజుల్లో రావులపాలెంలో దాన్ని జేబులో పెట్టుకున్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. 2002 చివర రిలయన్స్ చౌక ఫోన్లు, 2003లో ఇన్‌కమింగ్ ఉచితం కావడం, ఈ రెండూ కలిసి ఫోనును సైకిలు నడిపించుకొచ్చే అరటి రైతు చొక్కా జేబులోకి తెచ్చాయి. మిస్డ్ కాల్ ఒక భాషైంది. ఒక రింగు ఇస్తే ‘బయల్దేరాను’, రెండు ఇస్తే ‘నువ్వు చెయ్యి’. లారీ ఎక్కడిదాకా వచ్చింది, కూలీలను పిలవాలా వద్దా అన్నవి పైసా ఖర్చు లేకుండా తేలిపోయేవి. రైతు కూడా తోటలోంచే రెండు మూడు చోట్ల ధర కనుక్కోవడం మొదలుపెట్టాడు. కమీషన్‌దారు ఆధిక్యం పూర్తిగా పోలేదు గానీ, నిన్నటి ధర చెప్పి ఇవాళ గెల కొనే రోజులు పోయాయి. సెల్ వల్ల డెల్టాలో ఎవరికైనా కొలిచి చూపగల లాభం జరిగిందంటే మొదట చెప్పాల్సింది ఇదే.

బూతుల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని రీచార్జి కొట్లయ్యాయి, మరికొన్ని నెట్ సెంటర్లయ్యాయి. నెట్ సెంటరుకు రద్దీ ఉండేది ఎంసెట్, పదో తరగతి ఫలితాల రోజున. సెల్ కొట్టులో మెమొరీ కార్డు ఇస్తే అక్కడి కుర్రవాడు పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. తన అభిరుచినే ఊరంతటికీ వినిపించిన ఆ కుర్రవాడి గురించి సంగీత చరిత్రకారులు ఎప్పటికైనా రాయాలి. ఇంటర్నెట్‌లో తెలుగు మాట అప్పటికే కుదురుకుంటోంది. అమెరికాలోని తెలుగు విద్యార్థులు 1990లలోనే ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులు కట్టుకున్నారు. 1998లో ‘ఈమాట’ పత్రిక, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. వెన్న నాగార్జున వంటివారి చొరవతో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో తర్వాత రాష్ట్రంలోని వేలాది గ్రామాలకు పుటలు ఏర్పడ్డాయి, రావులపాలేనికీ ఒకటి ఉంది. అయితే ఊళ్ళోవాళ్ళు ఆన్‌లైన్‌లోకి వచ్చింది ఆ దారిన కాదు.

వాళ్ళు వచ్చింది వాట్సాప్ దారిన. 2016 సెప్టెంబరు 5న జియో ఉచిత డేటాతో వచ్చింది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయి ఫోనుతో డబ్బు కట్టే అవసరం పడింది. ఏడాది తిరక్కుండా కిళ్ళీకొట్టు నుంచి పూతరేకుల దుకాణం దాకా క్యూఆర్ కోడు అట్ట వేలాడింది. ఊరికి ఆన్‌లైన్‌లో ప్రతిరూపం ఏర్పడింది కూడా ఈ కొద్ది ఏళ్ళలోనే. దాని నిర్మాణం చూస్తే కొత్తదనం తక్కువ. వీధివాళ్ళ గ్రూపు, కులసంఘం గ్రూపు, పార్టీ గ్రూపు, గుడి కమిటీ గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, అరటి వ్యాపారుల గ్రూపు. అరుగులు ఏ గీతల మీద విడిపోయి ఉండేవో గ్రూపులూ దాదాపు ఆ గీతల మీదే ఏర్పడ్డాయి. చావు కబురు ఇప్పుడు ఎవరూ మోసుకెళ్ళనక్కర్లేదు, దండేసిన ఫోటోతో నిమిషంలో అందరికీ చేరుతుంది. ఒకరి మెడ మీది బరువు అలా దిగింది, అది మంచికే.

నిజంగా కొత్తదంటే బడి బ్యాచ్ గ్రూపు. ఫలానా సంవత్సరం పదో తరగతి అని ఒకరు మొదలుపెడితే, హైదరాబాదు, బెంగళూరు, డాలస్, కువైట్‌లలో చెదిరినవారు ఒక్కొక్కరే చేరతారు. ఇందులో కులమూ వీధీ కాస్త పక్కకు తప్పుకుంటాయి, బెంచీ గుర్తుంటుంది. కొన్నాళ్ళకు ఆత్మీయ సమ్మేళనం, గురువులకు శాలువాలు, పత్రికలో ఫోటో. ఆ తర్వాత గ్రూపు మళ్ళీ శుభోదయం బొమ్మల్లోకి, ఎన్నికలొస్తే తగాదాల్లోకి దిగుతుంది. ఇద్దరు అలిగి బయటికి పోతారు, అడ్మిన్ బతిమాలి తెస్తాడు. ఈ గ్రూపుల్లో రాత కంటే మాట ఎక్కువ. తెలుగు టైపు చెయ్యడం కష్టమనుకునేవారు, అసలు రాయడం రానివారు కూడా వాయిస్ మెసేజ్ నొక్కి మాట్లాడతారు. రేడియో లాగే ఇది కూడా అక్షరం రానివారిని బయట నిలబెట్టని మాధ్యమం, పైగా ఇది వాళ్ళ మాట కూడా వింటుంది.

పుకారు కూడా అంతే సులువైంది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ 2018 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్‌లో మెసేజ్‌లు పాకాయి. కొత్త ముఖం కనిపిస్తే కొట్టడం, ప్రాణాలు పోవడం జరిగాయి. పోలీసులు ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది జులైలో భారతదేశంలో ఒక మెసేజ్‌ను అయిదింటికి మించి ఒకేసారి పంపే వీలు లేకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. రేవు గట్టు మీద పుట్టిన పుకారుకు నావ వేగమే హద్దు. దీనికి అటువంటి హద్దు కంపెనీ గీస్తే తప్ప లేదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి రావులపాలెం కోనసీమ జిల్లాలో చేరింది. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన నిరసన హింసకు దిగి, ఒక మంత్రి ఇల్లూ ఒక ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. జనాన్ని కూడగట్టడంలో వాట్సాప్ గ్రూపుల పాత్ర ఉందని పోలీసులు చెప్పారు. మర్నాడు ‘ఛలో రావులపాలెం’ అన్న పిలుపుతో ఈ ఊరి సెంటరు పోలీసులతో నిండింది. జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. విడతలుగా పునరుద్ధరిస్తూ పోగా మొత్తం దాదాపు రెండు వారాలు పట్టింది.

ఆ రెండు వారాల్లో ఊరు ఫోను మీద ఎంత ఆధారపడిందో బయటపడింది. కోవిడ్ నాటి నుంచి ఇంటి దగ్గరే కూర్చుని హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ సంచితో గోదావరి ఒడ్డుకు పోయి, అవతలి జిల్లా టవర్ల సిగ్నల్ అందే చోట చెట్ల కింద కూర్చున్నారు. నది దాటించే సాధనం కోసం గట్టు మీద కాచుకోవడం ఆ విధంగా మళ్ళీ వచ్చింది. ఫోన్‌పే అలవాటైన కొట్లు చిల్లర వెతుక్కున్నాయి. నిప్పు పెట్టినవారిని పట్టడానికి, పుకారు ఆపడానికి నెట్ ఆపడం తప్పలేదని అధికారులు అన్నారు. మొదటి రెండు మూడు రోజులకు ఆ వాదన నిలుస్తుంది, రెండు వారాలకు నిలవదు. గెల కోసిన రైతుకు, మస్కట్‌లో ఉన్న తల్లి కోసం ఎదురుచూసే పిల్లకు ఆ మంటలతో సంబంధం లేదు.

నెట్ వచ్చిన నెల్లాళ్ళకే వరద వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి పోయింది. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత నది అంత ఎత్తుకు చేరింది అప్పుడే. 1986లో లంకలవారికి హెచ్చరిక రేడియోలో, దండోరాలో, గట్టు మీద తిరిగే రెవెన్యూ సిబ్బంది నోట వచ్చింది. 2022లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం గంటగంటకూ ఫోన్లలో తిరిగింది. మొదటి హెచ్చరికకు 11.75 అడుగులు, రెండోదానికి 13.75, మూడోదానికి 17.75 అని లంక గ్రామాల్లో చదువురానివారికి కూడా తెలుసు. గొడ్లను ఎప్పుడు గట్టెక్కించాలో ఆ అంకె చూసి నిర్ణయించుకున్నారు. పాత వరదల వీడియోలను తాజావని పంపినవారూ లేకపోలేదు. వరద నాడు వాట్సాప్ మే నెలలో తెచ్చుకున్న చెడ్డపేరును కొంత కడుక్కుంది.

ఫోను ఊరికి కొత్త గిరాకీ కూడా తెచ్చింది. పక్క మండలంలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; రహదారి పక్క దుకాణాల్లో కొనేవారితోపాటు ఫోనులో చూసి కొరియర్‌లో తెప్పించుకునేవారూ పెరిగారు. దగ్గర్లోని వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు యూట్యూబ్‌లో దూరప్రాంతాలకు తెలిసి, శనివారం తెల్లవారుజామున రావులపాలెంలో బస్సు మారే జనం ఎక్కువయ్యారు. నెట్ వస్తే ప్రయాణాలు తగ్గుతాయనుకున్న లెక్క ఇక్కడ తప్పింది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే ధ్రువపత్రాలు, బిల్లులు, దరఖాస్తుల సేవలు ప్రారంభించింది. దండోరా వేసిన సర్కారు ఇప్పుడు ఒక్కొక్కరి ఫోనులోకి వచ్చి మాట్లాడుతోంది. అరటి గెల ధర మాత్రం ఇంకా ఏ యాప్‌లోనూ తేలదు. అది ఉదయం మార్కెట్‌లో, గెల చుట్టూ తిరిగి చూసి, కాయ నొక్కి చెప్పే మాట. వ్యాపారుల గ్రూపుకు అది ఆ తర్వాతే చేరుతుంది.